వంతలేని వీరగాథ

స్వాతంత్ర్యం కోసం పోరాడిన ప్రతి జాతీ ఆ పోరాటాన్ని కొంతకాలానికి వినోదంగా మార్చుకుంటుంది. పోరాడిన తరం వెళ్ళిపోయాక వారి కథ పాట అవుతుంది. ఆ పాట ఆట అవుతుంది. ఆ ఆట వ్యాపారమవుతుంది. దీన్ని చూసి కొందరు మిత్రులు కళ దిగజారిపోయిందని వాపోతారు. మరికొందరు, ఏ రూపంలోనైతేనేం, కథ జనానికి చేరుతున్నది కదా అని తృప్తిపడతారు. ఈ రెండు వాదాలూ ఒక ముఖ్యమైన ప్రశ్నను దాటవేస్తున్నాయని నా అభిప్రాయం. కథ రూపం మారినప్పుడు ఆ కథలోని తగాదా ఏమవుతుంది? ఎవరి భూమి కోసం, ఎవరి అడవి కోసం, ఎవరి కూలి కోసం వీరుడు ప్రాణమిచ్చాడో ఆ సంగతి కొత్త రూపంలోకి వస్తున్నదా, దారిలోనే జారిపోతున్నదా?

ఈ ప్రశ్న వేసుకోవడానికి 2022వ సంవత్సరం కంటె మంచి తరుణం మరొకటి లేదు. ఆ ఏడు మార్చి 25న 'ఆర్‌ఆర్‌ఆర్' చిత్రం విడుదలయింది. అల్లూరి సీతారామరాజు, కొమరం భీం పేర్లు ప్రపంచమంతటా వినిపించాయి. పది రోజులు తిరిగేసరికి, ఏప్రిల్ 4న, రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. మా ముదినేపల్లి కృష్ణాజిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అదే రోజున మన్యం ప్రాంతానికి అల్లూరి సీతారామరాజు జిల్లా అనే పేరు వచ్చింది. జులై 4న భీమవరంలో, రాజు స్వగ్రామమైన మోగల్లుకు దగ్గరలో, ముప్పయి అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. ఒకే ఏట సినిమా, జిల్లా, విగ్రహం! తెలుగువీరుడికి ఇంతకంటె గౌరవమేం కావాలి?

గౌరవం సంగతి సరే. ఆయన దేనికోసం పోరాడాడన్న సంగతి ఆ ఏడాది మా ప్రాంతపు విద్యార్థుల్ని అడిగి చూశాను. "దేశం కోసం" అన్నారు. అది నిజమే. కాని దేశం కోసం పోరాడినవారు లక్షలమంది వున్నారు. ఈ మనిషి ఆ కొండల్లో, ఆ ప్రజలతో కలిసి, ఎందుకు ఆయుధం పట్టాడని అడిగితే జవాబు లేదు. "పోడు" అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఇది విద్యార్థుల తప్పు కాదు. వారికి అందిన కథలోంచి ఆ మాట ఎప్పుడో రాలిపోయింది.

అందుచేత ముందు ఆ తగాదాను క్లుప్తంగా చెప్పుకోవాలి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండప్రజల చేతుల్లోంచి అడవిని తప్పించింది. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ నేల మీద పంట తీసి, కొన్నేళ్ళకు మరో చోటికి మారే పోడు వ్యవసాయం నేరమయింది. వంటచెరుకు, పశువుల మేత, కలప - అన్నిటికీ అధికారి దయ కావలసివచ్చింది. కొండగ్రామాల మీద పరంపరగా పెత్తనమున్న ముఠాదారుల హక్కులు కుదించబడ్డాయి. నర్సీపట్నం వైపు నుంచి గూడెం కొండల్లోకి రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారిచేత వెట్టి చేయించాడు. ఇవ్వవలసిన కూలి ఇవ్వలేదు. ఆ అధికారుల చేతుల్లో దెబ్బతిన్నవారిలో గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులున్నారు. వీరు రాజుకు సేనానులయ్యారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ తర్వాత వరుసగా కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వారి వశమయ్యాయి. దాదాపు రెండేళ్ళు తెల్లదొరల సైన్యాన్ని కొండల్లో తిప్పి తిప్పి అలసటపెట్టారు. 1924 మే 7న రాజును పట్టుకుని కొయ్యూరు దగ్గర కాల్చిచంపారు. మల్లుదొర జైలుకు వెళ్ళి, బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. చరిత్రలో ఇటువంటి నాటకీయమైన మలుపు వున్నా దాన్ని మన కథకులెవరూ పెద్దగా పట్టించుకోలేదన్న సంగతి గమనించండి.

ఈ కథను తెలుగుదేశంలో పల్లెపల్లెకూ చేర్చిన సాధనం సినిమా కాదు, బుర్రకథ. బుర్రకథ అంతకుముందు జంగంకథ. జంగాలు ఊరూరా తిరిగి చెప్పుకుని బతికిన విద్య. భుజాన తంబురా, బొటనవేలికి అందె, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని కథకుడు ముందుకు, వెనక్కు అడుగులు వేస్తూ పాడతాడు. అతనికి అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలు. వీరిలో ఒకరిది హాస్యం. రెండవవారిది రాజకీయం. "వంతపాడటం" అన్న మాటను ఈనాడు మనం తాళం వేసే భజనపరుల విషయంలో వాడుతున్నాం. బుర్రకథలో రాజకీయ వంత చేసే పని దానికి పూర్తిగా విరుద్ధం. కథ ఊపు మీద వున్నప్పుడు ఆపుతాడు. "అదేం న్యాయం అన్నా?" అంటాడు. రాజుగారికి కోపం వచ్చిందంటే ఎందుకొచ్చిందని అడుగుతాడు. యుద్ధం జరిగిందంటే తిండిగింజలు ఎవరివని అడుగుతాడు. బొబ్బిలికోట కథలో నుంచి ఈనాటి బియ్యం ధరలోకి ఒక్క మాటతో తీసుకొస్తాడు. కథకుడు జవాబు చెప్పి తీరాలి. చెప్పకపోతే కథ కదలదు.

మా సింగరాయపాలెం షష్ఠి తిరునాళ్ళలో చిన్నతనాన నేను విన్న బుర్రకథల్లో పాటలు ఇప్పుడు నాకు గుర్తు లేవు. ఆ వంత వేసిన ప్రశ్నలకు జనంలోంచి వచ్చిన కేకలు మాత్రం గుర్తున్నాయి. వంత నిజానికి ప్రేక్షకుడి ప్రతినిధి. వేదిక మీద జనానికి ప్రత్యేకించిన స్థానమది.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ప్రజానాట్యమండలి పుట్టినదీ ఆ ఏడే. మండలివారు జంగంకథను చేపట్టడానికి కారణం అది పాతదనో, జానపదమనో కాదు. ప్రశ్నకు అందులో సిద్ధంగా చోటున్నది గనుక. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు కొత్త ఊపిరి పోశాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాలు కరువు - ఏ కథ చెప్పినా అతని దళం దాన్ని వర్తమానానికి ముడివేసింది. అప్పటివరకు ఆడవారు వేదిక ఎక్కితే ఊరు నవ్వే రోజులు. అటువంటి కాలంలో మోటూరి ఉదయం బుర్రకథ చెప్పింది. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ మండలిలో పాడింది, నాటకమాడింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మాభూమి' నాటకాన్ని 1947లో వందకు పైగా దళాలు ఆడాయి. తెలంగాణా రైతుపోరాటం కోస్తా రైతు ఎదుట నిలబడింది. 1948లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధం కూడా ఒక విధమైన విమర్శే. ఏ ప్రశ్న ఎక్కడ తగిలిందో ఏలినవారే చెప్పినట్టయింది.

సినిమా మాటకొస్తే, దాన్ని మొదటినుంచీ శత్రుపక్షంలో చేర్చడం అన్యాయం. కృష్ణాజిల్లా నందమూరులో పుట్టిన గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశాడు. తాపీ ధర్మారావు దానికి వాడుకభాషలో మాటలు రాశాడు. గిడుగువారు జీవితమంతా ధారపోసి చేసిన పోరాటపు ఫలితాన్ని పాఠ్యపుస్తకం కంటె ముందు తెర అందుకున్నది. మరుసటి సంవత్సరం 'రైతుబిడ్డ' వచ్చింది. ఇచ్ఛాపురం నుంచి మద్రాసుదాకా రైతులు కాలినడకన సాగించిన యాత్ర అప్పటికి నిన్నమొన్నటి మాట. జమీందారీ రైతు గోడును ఆ చిత్రం సూటిగా చెప్పింది. జమీందారులు గగ్గోలు పెట్టారు. కొన్ని జిల్లాల్లో నిషేధం వచ్చింది. ఇంతకూ ఆ చిత్రాలు తీసిన సారథి సంస్థకు పెట్టుబడి పెట్టినవాడు చల్లపల్లి జమీందారు! పెట్టుబడికి తన ప్రయోజనం తనకు తెలుసుననీ, కళాకారుడు గట్టివాడైతే ఆ పెట్టుబడిలోంచే ప్రశ్నను లాగగలడనీ ఈ ఒక్క ఉదంతం రెండు పాఠాలూ చెబుతున్నది.

1948 తర్వాత నిర్బంధం తీవ్రమయింది. ప్రజానాట్యమండలి దళాలు చెదిరిపోయాయి. నటులు, గాయకులు, దర్శకులు ఒక్కరొక్కరే మద్రాసు రైలెక్కారు. తాతినేని ప్రకాశరావు 1952లో 'పల్లెటూరు' తీశాడు. డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీసి నష్టపోయాడు. కాని జమున, అల్లు రామలింగయ్య ఆ చిత్రంతోనే తెరకు పరిచయమయ్యారు. మిక్కిలినేని నటుడుగా స్థిరపడ్డాడు. దెందులూరువాడైన కె.బి. తిలక్ 1957లో 'ఎం.ఎల్.ఏ.' తీశాడు. అదే కాలంలో మా గుడివాడ చుట్టుపట్ల పల్లెలు తెలుగు తెరకు పెద్ద పెద్దవారిని ఇచ్చాయి. రామాపురం నుంచి నాగేశ్వరరావు, నిమ్మకూరు నుంచి రామారావు, చౌటపల్లి నుంచి ఘంటసాల. ఈ ఘంటసాల క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చినవాడు. స్వాతంత్ర్యోద్యమం గొంతే సినిమా గొంతయిందంటే అది అలంకారం కాదు, అక్షరసత్యం.

1955లో తాపీ చాణక్య తీసిన 'రోజులు మారాయి' ఈ దశకు శిఖరం. అందులో కొసరాజు రాసిన ఏరువాక పాట తెలుగునాడంతా మోగింది. కొసరాజు 'రైతుబిడ్డ'కు పాటలు రాసినవాడే. ఆ చిత్రంలో రైతు ఒంటరివాడు కాదు. భూస్వామి కుట్రను ఊరు కలిసి ఎదుర్కొంటుంది. వేదిక మీది వంత ఇక్కడ లేడు. అయినా అతని పనిలో కొంత పాత్రలు చేశాయి. ఐతే ఆ పాట బాణీ అయిదేళ్ళ తర్వాత 'బంబయీ కా బాబూ' అనే హిందీ చిత్రంలో వినిపించింది. అక్కడ అరకా లేదు, ఏరువాకా లేదు. బాణీ ప్రయాణించింది, పొలం ఇక్కడే ఉండిపోయింది. ఇందులో ఎవరి దోషమూ లేదు. బాణీ స్వభావమే అది. తీసుకుపోవడానికి తేలిక. పొలం బరువు.

ఇంతలో బుర్రకథ సంగతి ఏమయింది? 1954లో వచ్చిన 'అగ్గిరాముడు'లో నాజర్ దళం అల్లూరి కథ చెప్పింది. జనం ఈలలు వేశారు. తంబురా వున్నది, గుమ్మెట వున్నది, వంతలున్నారు. కాని వంత అడిగే ప్రశ్న ముందే రాసి, ముందే తీసి, డబ్బాలో పెట్టినది. ఆ రాత్రి ఆ ఊరి మునసబు పేరు అందులో చేరదు. ప్రేక్షకుడి కేక తెర మీదికి చేరదు. తర్వాత ప్రభుత్వశాఖలు బుర్రకథను కుటుంబ నియంత్రణ ప్రచారానికి, ఆరోగ్య ప్రచారానికి వాడుకున్నాయి. అవి మంచి పనులే కావచ్చు. అక్కడ మాత్రం వంత "అలాగా అన్నా!" అని తల ఊపుతాడు. ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి పుట్టిన స్థానంలో నిలబడి ప్రభుత్వానికి హారతి పట్టవలసివచ్చింది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికే తిరునాళ్ళలో కథకుణ్ణి పిలిచేవారు తగ్గిపోయారు.

అల్లూరి కథ మాత్రం పెరుగుతూ పోయింది. 1974లో కృష్ణ నటించిన చిత్రంలో మన్యపు వెట్టి కనిపిస్తుంది, దొరల దౌర్జన్యం కనిపిస్తుంది. శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ బహుమతి వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్'లో రాజు బ్రిటిషు పోలీసు అధికారి వేషంలో వున్నాడు. అది కల్పితకథ అని దర్శకుడే చెప్పాడు గనుక చరిత్ర తప్పిందని తగువు పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. కొవ్వూరులో పుట్టిన కీరవాణి స్వరపరచిన, చంద్రబోసు రాసిన 'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కారు వచ్చినప్పుడు నేనూ సంతోషించాను. ఆ నృత్యాన్ని 2021లో కీవ్ నగరంలో, ఉక్రెయిన్ అధ్యక్షుడి రాజప్రాసాదం ముందు చిత్రించారు. కొన్ని నెలలకే ఆ నగరం మీద బాంబులు పడ్డాయి. మోటుపాట రాజప్రాసాదాన్ని జయించిన దృశ్యం అది. దానిలో ఒక వర్గసత్యం లేకపోలేదు. కాని తెర మీద పరాజితుడు ఒక పొగరుబోతు తెల్లవాడు. అటవీ చట్టం కాదు. తెల్లవాడు 1947లో వెళ్ళిపోయాడు. అడవి మీది తగాదా వెళ్ళిపోలేదు. మన్యంలో గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా 1/70 చట్టం కావలసివచ్చింది. 1997లో సమతా తీర్పు కావలసివచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం కావలసివచ్చింది. పోలవరం నీళ్ళ కింద పోయే ఊళ్ళు ఎక్కువగా కోయల ఊళ్ళు, కొండరెడ్ల ఊళ్ళు. తెల్లవాణ్ణి ఓడించే కథ ఈ సంగతులేవీ అడగనక్కరలేదు. అందుకే ఆ కథకు పెట్టుబడి సులభంగా దొరుకుతుంది, విగ్రహం సులభంగా లేస్తుంది.

ఇది తెలుగువారికి మాత్రమే పట్టిన జాడ్యం కాదు. యూరపులో సెర్బియా చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 1804లో కారాజార్జె నాయకత్వాన సెర్బు రైతులు ఒట్టోమన్ సామ్రాజ్యపు దౌర్జన్యపు అధికారుల మీద తిరగబడ్డారు. 1813లో ఓడిపోయారు. 1815లో మిలోష్ ఒబ్రెనొవిచ్ నాయకత్వాన మళ్ళీ లేచారు. క్రమంగా స్వయంపాలన, 1878లో బెర్లిన్ సమావేశంలో పూర్తి స్వాతంత్ర్యం వచ్చాయి. వారికి మన జంగాల వంటి కథకులున్నారు. ఒంటితీగ వాద్యమైన గుస్లె మీద కమాను ఆడిస్తూ వీరగాథలు పాడతారు. ఫిలిప్ విష్న్యిచ్ అనే అంధగాయకుడు ఆ తిరుగుబాటు గాథలను పాడగా, వూక్ కరాజిచ్ 1815లో రాసుకున్నాడు. ఈ వూక్ వారి గిడుగు. మాట్లాడినట్టే రాయాలని జీవితమంతా పండితులతో పోరాడాడు. అతని లిపి సంస్కరణకు ప్రభుత్వ ఆమోదం 1868లో వచ్చింది, అతను చనిపోయిన నాలుగేళ్ళకు.

తిరుగుబాటుకు గొంతు ఇచ్చిన ఆ గుస్లె తర్వాత ఎవరి చేతికి పోయింది? 1989లో కొసొవో యుద్ధానికి ఆరువందల ఏళ్ళు నిండిన సందర్భాన్ని మిలోషెవిచ్ తన జాత్యహంకార రాజకీయాలకు వేదిక చేసుకున్నాడు. 1992లో సరయేవో నగరం ముట్టడిలో వున్నప్పుడు తీసిన ఒక డాక్యుమెంటరీలో రదొవాన్ కరాజిచ్ గుస్లె పట్టుకుని పాడాడు. అంతర్జాతీయ న్యాయస్థానం తర్వాత ఇతణ్ణి జాతిహననం నేరానికి శిక్షించింది. వాద్యం అదే, వీరుల పేర్లూ అవే. అణచబడినవాడి పాట అణచేవాడి పాట అయింది. గుస్లె గాయకుడు ఒక్కడే కూర్చుంటాడు. పక్కన వంత వుండడు. ఒక దేశపు దుర్గతికి ఒక వాద్యాన్ని కారణం చేయడం మూర్ఖత్వమే. నేను చెప్పేది ఇంతే: ప్రశ్నించేవాడు లేని వీరగాథ ఎవరి చేతికైనా లొంగుతుంది.

అదే దేశంలో మరో ఉదంతమూ వుంది. 2000లో నోవీసాద్ విద్యార్థులు మిలోషెవిచ్‌ను దించడానికి యువజనుల్ని కూడగడుతూ 'ఎగ్జిట్' అనే సంగీతోత్సవం మొదలుపెట్టారు. ఆ ఏడే అతను దిగిపోయాడు. ఉత్సవం ఏటేటా పెరిగి యూరపులో పెద్ద వినోద వ్యాపారాల్లో ఒకటయింది. పోరాటం వినోదమైతే చచ్చిపోయినట్టే అనేవారు దీన్నే చూపించేవారు. 2024 నవంబరు 1న నోవీసాద్ రైల్వేస్టేషన్ కప్పు కూలి జనం చనిపోయారు. అవినీతి మీద విద్యార్థులు లేచారు. ఉత్సవ నిర్వాహకులు వారి పక్షాన నిలిచారు, ప్రభుత్వ సహాయం పోగొట్టుకున్నారు, 2025 ఉత్సవమే సెర్బియాలో చివరిదని ప్రకటించారు. ఇరవై అయిదేళ్ళ వ్యాపారం తర్వాత కూడా మొదటి ప్రశ్న వారికి గుర్తున్నది. కనుక వినోదం ప్రశ్నను చంపి తీరుతుందన్న సూత్రం తప్పు. ప్రశ్నను అడిగే స్థానాన్ని ఎవరు కాపాడుతున్నారన్నదే అసలు సంగతి.

మన దగ్గర ఆ స్థానం ఎవరు కాపాడాలి? మా కొల్లేటి సంగతే తీసుకోండి. ఆ లంకల్లో మత్స్యకారులకూ, పేదలకూ సహకార సంఘాల పేరిట భూములిచ్చారు. అందులో చాలాభాగం కౌళ్ళ మీద పెద్ద చెరువుల యజమానుల చేతికి పోయింది. 1999లో సరస్సును అభయారణ్యం చేశారు. 2006లో కాంటూరు గీత గీసి చెరువుల గట్లు పేల్చేశారు. అప్పుడు పెద్దవాడి చెరువూ పోయింది, సంఘం మీద బతికే పేదవాడి చెరువూ పోయింది. ఇద్దరికీ నష్టం ఒకటేనా? పక్షికి హక్కుందా, వలకు హక్కుందా, రెంటికీ చోటుందా? కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వేలమంది వస్తారు. వేదికల మీద సినిమా పాటలకు నృత్యాలు జరుగుతాయి. ఈ ప్రశ్న వేసే గొంతు అక్కడ వినబడదు. పాడేవాళ్ళు లేక కాదు. ఆపి అడిగేవాళ్ళు లేక.

నృత్యాలు మాన్పించి బుర్రకథ పెట్టించాలని నేను అనడం లేదు. పోయిన రూపాన్ని గాజుపెట్టెలో పెట్టి పూజించడం మ్యూజియంవారి పని. యువకులు సినిమా చూస్తారు. నేనూ చూస్తాను. చూసి వచ్చిన మర్నాడు తరగతిలో వంత స్థానం ఖాళీగా వుంది. అందులో ఉపాధ్యాయుడు నిలబడవచ్చు, విద్యార్థి నిలబడవచ్చు. సీతారామరాజు గుర్రమెక్కి వచ్చాడని కథ చెప్పగానే "కొండవాళ్ళకు ఆనాడు కూలి ఎంత ఇచ్చారు అన్నా?" అని అడగాలి. పోడు అంటే ఏమిటో, అది నేరమెప్పుడయిందో, ఆ కొండల్లో ఈనాడు ఎవరి చేతిలో పట్టా వుందో, ఎవరి చేతిలో లేదో పాఠంలోకి తేవాలి. జిల్లాకు పేరు పెట్టినవారిని ఆ జిల్లాలో అటవీ హక్కుల దరఖాస్తుల సంగతి అడగాలి. వచ్చే జులై 4న ఊరూరా దండలు వేస్తారు. ఆ సభల్లో మాట్లాడటానికి మన అధ్యాపకుల్ని తప్పకుండా పిలుస్తారు. పిలిచినప్పుడు వెళ్ళి, దండ వేసి, ఆ తర్వాత 1882 నాటి చట్టం సంగతి ఎత్తండి.